తెరేసమ్మకి ఆట నేర్పిందెవరు

పటమటలోని జీవరత్నం ఫ్లాటులో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పేకాట ఉండేది. ఆయన, భార్య తెరేసమ్మ, కింది అంతస్తులో ఉండే ఫిలిప్, స్టెల్లా దంపతులు. డబ్బు పెట్టరు. మగవాళ్లొక జోడీ, ఆడవాళ్లొక జోడీగా తురుపు ఆట. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే పెద్ద ముక్క వేసినవాళ్లది పట్టు. మొదట దింపిన రంగు చేతిలో లేనివాళ్లు, అన్నిటికంటే పెద్దదైన తురుపు రంగు ముక్క కొట్టి పట్టు లాక్కోవచ్చు. ఎక్కువ పట్లు ఎవరివైతే వాళ్లదే ఆట.

పోస్టాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన జీవరత్నానికి ఈ ఆటలో తనంతవాడు లేడని నమ్మకం. "తురుపులెన్ని పోయాయో లెక్కపెట్టుకోవే. జోడీ ఏ రంగు దింపితే నువ్వూ అదే తిప్పు" అని పెళ్లయినప్పటినుంచీ భార్యకి చెబుతూనే ఉన్నాడు. ఆవిడ సరేనని తలూపి, చేతికొచ్చిన ఆసుని మొదటి పట్టులోనే దింపేసేది.

అలాంటి తెరేసమ్మ వానాకాలం వెళ్లాక గెలవడం మొదలుపెట్టింది.

మొదట అదృష్టమనుకున్నాడు. తర్వాత ఆమె ఆసుని ఆపడం చూశాడు. రాజు వచ్చినా వెయ్యలేదు. చిన్న ముక్క వేసి ఊరుకుంది. రెండోసారి అదే రంగు వచ్చినప్పుడు ఆసుతో పట్టి, వరసగా తురుపులు దింపి జీవరత్నం చేతిలోవీ ఫిలిప్ చేతిలోవీ ఊడ్చేసింది.

స్టెల్లాతో కలిసి ఏవో సైగలు పెట్టుకుందని జీవరత్నానికి అనుమానం వచ్చింది. ఆట మీద ధ్యాస వదిలేసి వాళ్ల చేతులకేసి చూస్తూ కూచున్నాడు. స్టెల్లా గాజులు సర్దుకున్నా, తెరేసమ్మ దగ్గినా లోపల గుర్తుపెట్టుకున్నాడు. తన వెనకున్న బీరువా అద్దంలో ముక్కలు కనపడుతున్నాయేమోనని దానిమీద దుప్పటి కప్పాడు. కొత్త పేక తెచ్చాడు. ఏమీ తేలలేదు.

"ఈ వారం జోడీలు మార్చుకుందాం" అని భార్యని తన ఎదురుగా కూచోబెట్టుకున్నాడు. ఆమె ఇంకా బాగా ఆడింది. ఒక పట్టు దగ్గర ఆలోచనలో పడి, చేతిలో ముక్కలన్నీ బోర్లా టేబుల్ మీద పెట్టి, అరచేత్తో ఒకసారి నిమిరి, "తొందరేముందిలే" అంది.

అలా ముక్కలు బోర్లించి నిమిరే మనిషి జీవరత్నానికి ఒక్కడే తెలుసు. తిరుపతిరావు.

కంకిపాడు తిరుపతిరావూ ఆయనా ఒకప్పుడు విడదీయరాని జోడీ. ఎనిమిదేళ్ల కిందట క్లబ్బు పోటీ ఫైనల్లో ఎదుటివాళ్లు కళావరు రాజు దింపితే తిరుపతిరావు ఆసు ఉండి కూడా వెయ్యలేదు. రెండోసారీ కళావరే వచ్చింది. జోడీ దగ్గర ఆసు లేదనుకుని జీవరత్నం తన తురుపు ఖర్చుపెట్టాడు. చివరికి తురుపులు చాలలేదు. ఆఖరి పట్టులో తిరుపతిరావు దింపిన ఆసుని ఎదుటివాళ్లు తురుపుతో కొట్టేశారు. "వాళ్లకి అమ్ముడుపోయావు" అని జీవరత్నం అందరి ముందూ అరిచాడు. తిరుపతిరావు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మాటల్లేవు.

ఆ మనిషి ఆట తన ఇంట్లోకి ఎలా వచ్చింది? తెరేసమ్మ ప్రతి మంగళవారం జపమాల ప్రార్థనకని వెళ్లి సాయంత్రానికి వస్తుంది. మెట్లమీద స్టెల్లా కనపడితే మాటల్లో అడిగాడు.

"మంగళవారమా? జపమాల శనివారానికి మారి చాలా రోజులైంది కదంకుల్" అంది స్టెల్లా.

ఆ మంగళవారం తెరేసమ్మ తిరిగొచ్చాక, "ప్రార్థన బాగా జరిగిందా?" అని జీవరత్నం అడిగాడు.

"ఆఁ, జరిగిందండీ" అంది ఆవిడ, వంటింట్లోకి వెళ్తూ.

రాత్రంతా ఆయనకి, తన వెనక తిరుపతిరావు ఇంట్లో తన గురించి ఏమేం మాట్లాడుకుంటున్నారో అన్నదే ఆలోచన. పై మంగళవారం ఆమె కంకిపాడు బస్సెక్కడం కళ్లారా చూసి, కాసేపాగి స్కూటర్ తీశాడు.

తిరుపతిరావు ఇంటి తలుపు తీసే ఉంది. ఆయన భార్య బుల్లెమ్మ వాకిట్లోకొచ్చి ఒక్క క్షణం తటపటాయించి, "రండి అన్నయ్యగారూ" అంది.

లోపల కిటికీ దగ్గర తిరుపతిరావు కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో అలా పడి ఉంది. మూతి ఒకపక్కకి లాగేసింది. ముందు చిన్న బల్ల. దానిమీద, గాడి కోసిన చెక్కలో ముక్కలు నిలబెట్టి ఉన్నాయి. ఎదురుగా తెరేసమ్మ.

"పక్షవాతమండీ, పోయినేడు వచ్చింది" అంది బుల్లెమ్మ. "నా పేరు పలకలేకపోయారు. పేక ముందు పెడితే మాత్రం ఇస్పేటు, ఆటీను అన్నారు. ఆడిస్తూ ఉండమన్నారు డాక్టరు గారు. నాకు ఆట రాదు. రైతుబజార్లో వదిన కనపడితే ఏడ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు జీవరత్నం భార్యతో.

"చెప్తే రానిచ్చేవారా?"

తిరుపతిరావు జీవరత్నాన్ని చూశాడు. చూసి మొహం కిటికీవైపు తిప్పేసుకున్నాడు. ముక్కల మీంచి ఎడమచెయ్యి కూడా తీసేశాడు.

"మీరు కాసేపు అరుగుమీద కూచోండి అన్నయ్యగారూ. మీరుంటే ఆయన ఆడేలా లేరు" అంది బుల్లెమ్మ మెల్లిగా.

జీవరత్నం బయట కూచున్నాడు. బుల్లెమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ వెనక తెరేసమ్మ చెవి దగ్గరగా చెప్పింది. "ఆ రోజు కళావరు రెండోసారి వస్తే ఆసుతో పట్టాలనే ఆపారంటండీ. ఈలోగా మీరు తురుపు కొట్టేశారు. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పడానికి ఆయనకి రెండు వారాలు పట్టింది."

పటమట చేరేదాకా జీవరత్నం ఆ రోజు బల్లమీద పడ్డ ముక్కల్ని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. ఆమె చెప్పిందే నిజం.

తర్వాతి మంగళవారం తనే ఆమెని స్కూటర్ మీద తీసుకెళ్లి అరుగుమీద కూచున్నాడు. ఆ పై వారమూ అంతే. ఇంకో వారం గడిచాక లోపల్నుంచి ముద్దగా ఒక మాట వినపడింది.

"పంచు."

"మిమ్మల్నేనండీ, రమ్మంటున్నారు" అంది తెరేసమ్మ. ఇన్నాళ్లూ చూసి కాస్త నేర్చుకున్న బుల్లెమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ నాలుగో కుర్చీలో కూచుంది.

జీవరత్నం వెళ్లి పేక కలిపాడు. తిరుపతిరావు ఎడమచేత్తో కోశాడు. జీవరత్నం పంచాడు. ముక్కలు చెక్కలో పెట్టబోయిన తెరేసమ్మని తిరుపతిరావు వద్దని ఆపాడు. తన వాటా దగ్గరికి లాక్కుని, జీవరత్నం కళ్లలోకి చూస్తూ, ఒక్కో ముక్కే లెక్కపెట్టాడు. నమ్మకం కుదరనట్టు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

జీవరత్నం తలొంచుకుని, ఆ లెక్క అయ్యేదాకా కూచున్నాడు.