దండ వేసిన కుర్చీలు

పుంగనూరులో సమభావ లాడ్జి అంటే అద్దెకు గదులిచ్చేది కాదు. కులాన్నీ హోదానూ చెప్పులతో పాటు బయటే విడిచి, లోపల ఒకరినొకరు సోదరా అని పిలుచుకునే సంఘం. 2001లో దానికి కార్యదర్శి మునిరాజు. కరెంటాఫీసులో గుమాస్తా. బైరెడ్డిపల్లె పక్క కూలి చేసుకు బతికిన ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. ఉద్యోగం వచ్చాక కూడా ఊళ్ళో కొందరు అతణ్ణి వసారాలోనే నిలబెట్టి మాట్లాడేవాళ్ళు. ఈ హాల్లో మాత్రం బట్టల వ్యాపారి సుబ్బయ్య అతణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే బంతిలో అన్నం తిన్నాడు.

ఆ హాలు ఇప్పుడు మూతపడేలా ఉంది. వచ్చే పౌర్ణమి సమావేశానికి ఏడుగురైనా రాకపోతే, కుప్పంలో మూసినట్టే దీన్నీ మూసేస్తామని మదనపల్లె పెద్ద లాడ్జి వాళ్ళు కబురు పంపారు. పోయిన నెల వచ్చింది ముగ్గురే.

మునిరాజు తనకు తోచిందల్లా చేశాడు. కరపత్రాలు పంచాడు. అంగళ్లు ఊరి కాలేజీ నుంచి ఒక లెక్చరర్ను పిలిపించి ఉపన్యాసం పెట్టించాడు. ఆ రోజు కుర్రవాళ్ళు బాగానే వచ్చారు. మళ్ళీ ఒక్కడూ రాలేదు. వాళ్ళలో మిక్సీలు రిపేరు చేసే సాయిప్రసాద్ ఒకడు. మునిరాజు అతని అంగడికే పోయి అడిగాడు.

"మళ్ళీ యాల రాలేదప్పా?"

"వచ్చి యాడ కూసోవల్ల సార్?" సాయిప్రసాద్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి నవ్వాడు. "మంచి కుర్చీలన్నీ సచ్చిపోయినోళ్ళవి. బతికుండేవాళ్ళకేమో తలుపుకాడ బెంచీ. మేమూ సచ్చినంక వస్తాం లే సార్. అప్పుడు మంచి చోటు దొరుకుతాది."

మునిరాజుకు కోపం రాబోయి ఆగిపోయింది. లాడ్జిలో ప్రతి సభ్యుడికీ వీపు మీద పేరు రాసిన కుర్చీ ఒకటి ఉంటుంది. సభ్యుడు పోతే దానికి తులసిదండ వేసి అలాగే ఉంచుతారు. ఏటేటా దండలు పెరిగి హాలు నిండిపోయింది. తన కుర్చీలోంచి చూస్తే అదంతా గౌరవంగానే కనబడేది. బెంచీ మీద కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో అతనికి ఎప్పుడూ తట్టలేదు.

ఆ సాయంత్రమే అధ్యక్షుడు గంగులయ్య దగ్గరికి పోయి, ఆ కుర్చీలు కొత్తవాళ్ళకిద్దామనీ, పోయిన సుబ్బయ్యది సాయిప్రసాద్‌కిద్దామనీ అన్నాడు. గంగులయ్య రిటైరైన హెడ్మాస్టరు, సుబ్బయ్యకు ప్రాణస్నేహితుడు.

"సుబ్బయ్య కుర్చీలో మిక్సీలోడా? నీకేమన్నా తిక్క పట్టిందా మునిరాజా?" అన్నాడు పెద్దాయన. "రుక్మిణమ్మను అడుగు పో. ఆయమ్మ సరేనంటే నేనేమీ అనను."

సుబ్బయ్య భార్య ససేమిరా ఒప్పుకోదని ఆయన ధీమా. మునిరాజుకూ అదే భయం. మర్నాడు ఆమె ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని నసుగుతూ విషయం చెప్పాడు.

రుక్మిణమ్మ చేటలో రాగులు చెరుగుతూ అంతా విన్నది. "ఆయన కుర్చీకి దండలేస్తాండారా? మంచిదే. ఆయన పోయినంక మా గడప తొక్కినోడు మీలో ఒక్కడుండాడా నాయనా? నువ్వైనా వచ్చినావా?"

మునిరాజును చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి ఇల్లు, కరెంటాఫీసుకు పోయే దోవలోనే ఉంది.

"ఇచ్చెయ్యప్పా," అంది ఆమె. "కాకుంటే ఒకటి. ఆ కుర్చీలో కూసునేటోడు నెలకోతూరి వచ్చి నన్ను పలకరించి పోవల్ల."

సాయిప్రసాద్ ఆ మాట విని పగలబడి నవ్వాడు. "ఆయమ్మ మిక్సీ పలకాలన్నా నేనే పోవల్ల గదా సార్! వస్తాను లే. మావోళ్ళనీ పిలుచుకొస్తా."

మునిరాజు అక్కడితో ఆగలేదు. దండ వేసిన ప్రతి కుర్చీ తాలూకు ఇంటికీ వెళ్ళాడు. ఒకచోట కాఫీ ఇచ్చారు, ఒకచోట తిట్టారు, ఒక ఇంట్లో పోయినాయన కొడుకే తాను వచ్చి కూర్చుంటానన్నాడు.

పౌర్ణమి నాడు మదనపల్లె నుంచి వచ్చిన పెద్దమనిషి తలలు లెక్కపెట్టాడు. ఏడుగురు దాటారు. గంగులయ్య అందరికంటే ఆలస్యంగా వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సుబ్బయ్య కుర్చీలో సాయిప్రసాద్ ముడుచుకుని కూర్చున్నాడు. పెద్దాయన్ను చూసి లేవబోయాడు.

"కూసో," అన్నాడు గంగులయ్య. చాలాసేపటికి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "ఈ కుర్చీలో ఉండేటోడు ఏనాడూ ఊరికే ఉండ్లేదు. ఏమన్నా మాట్లాడు."

"నాకు ఉపన్యాసాలు రావు సార్. మా వీధిలో అక్కమ్మ మొగుడు కాలిరగ్గొట్టుకొని ఆస్పత్రిలో ఉండాడు. ఆయమ్మ కూలికి పోకుంటే ఇల్లు గడవదు. పగటిపూట ఆయనకాడ ఎవురూ లేరు."

మదనపల్లె పెద్దమనిషి వాచీ చూసుకున్నాడు.

"రేపు నేను పోతా," అన్నాడు గంగులయ్య. "పింఛన్దారుణ్ణి, నాకేం పని? ఎల్లుండికి ఎవురప్పా?"

మునిరాజు చెయ్యెత్తేలోగా ఇంకో రెండు చేతులు లేచాయి.