మాంసం చెడని తూటా

మేడ్చల్ నుంచి వచ్చిన ధర్మేందర్ జీపు దిగేసరికి జక్కయ్యకు నవ్వొచ్చింది. ఒంటినిండా ఆకుపచ్చ మచ్చల బట్టలు, అదే రంగు టోపీ, మెడలో దుర్భిణి. పందికి కనబడకూడదని వేషమట. మరి చేతికి ఆ తళతళలాడే గడియారం ఎందుకో!

అడవి పందుల్ని కాల్చడానికి లైసెన్సు, అనుమతి ఉన్నవాడని చెప్పి పరమేశ్ అతన్ని పిలిపించాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఏ ఆఫీసు పనైనా పరమేశ్ చేతుల మీదుగానే జరగాలి. ఆయన ఒప్పుకోకపోతే వాన కూడా పడదన్నట్టు నడుస్తాడు.

జక్కయ్య మక్క చేను పక్కనే ఒక వెంచర్ ఉంది. కమాను కట్టారు, రంగులు వేశారు, ప్లాట్లు మాత్రం అమ్ముడుపోలేదు. ఇళ్లు లేవాల్సిన చోట సర్కారు తుమ్మ లేచింది, అందులో పందులు కాపురం పెట్టాయి. చేనులో సగం అవే తిన్నాయి. మిగిలిన సగం కంకులు పాలు పోసుకుంటున్నాయి. అవైనా దక్కితే జక్కయ్య ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. దక్కకపోతే అత్వెల్లిలో పరమేశ్ బావమరిది గోదాముకు మళ్లీ వాచ్‌మన్‌గా పోవాలి. యజమాని మొహం మీద టార్చిలైటు విసిరికొట్టి వదిలేసి వచ్చిన కొలువది.

సాయంత్రం ఎండ తగ్గగానే ఊళ్లోవాళ్లు దిగారు. పందుల్ని తుమ్మల్లోంచి బెదరగొట్టడానికి డబ్బాలు తెమ్మంటే, అందరూ మూతలున్న డబ్బాలే తెచ్చారు. చచ్చిన పందిని తినకూడదు, గొయ్యి తీసి పాతిపెట్టాలి. ఆ ముక్క అనుమతి కాగితంలోంచి పరమేశే గట్టిగా చదివి వినిపించాడు. చదివేటప్పుడు ఆయన సంచిలోంచి కత్తిపీట కొస కనబడుతూనే ఉంది.

గట్టు మీద కూర్చుని ధర్మేందర్ ఫోన్‌లో వీడియో చూపించాడు.

"అమెరికాల ఎల్క్ అని దుప్పి ఉంటది కాకా. మన కణుజు కన్న మస్తు పెద్దది. జింకకు తేలిక తూటా, జల్దీ పోయేది. ఎల్క్‌కు బరువుది, బొక్క పలగ్గొట్టుకుంట పోవాలె. రకం చూసి ఎంచుకోవాలె, ఉత్తగ కాల్చుడు గాదు."

"గా ఎల్క్ నా మక్కలు తిన్నదా సార్?" అన్నాడు జక్కయ్య.

అందరూ నవ్వారు. ధర్మేందర్ కూడా నవ్వి, జేబులోంచి రెండు తూటాలు తీసి అరచేతిలో పెట్టాడు.

"గిది మెత్త మొనది. లోపలికి పోయినంక పువ్వు లెక్క ఇచ్చుకుంటది. పంది ఆడికాడనే కూలుతది. గని జబ్బ మాంసమంత నెత్తురు గడ్డకట్టి ఖరాబైతది. గిది మొత్తం రాగి కప్పినది. ఇటు దూరి అటు ఎల్లిపోతది. మాంసం సాఫ్‌గుంటది. పంది కొంచెం దూరం ఉరుకుతది, గంతే."

అందరి కళ్లూ రాగి తూటా మీదికి పోయాయి. తర్వాత పరమేశ్ గొంతు సవరించుకున్నాడు.

"రాగిదే మంచిగ కొడ్తది సార్."

"అవ్ సార్, రాగిదే," అన్నాయి డబ్బాలన్నీ. పాతిపెట్టే పంది మాంసం చెడితేనేం, చెడకపోతేనేం అని ఒక్క మొగాడూ అడగలేదు.

జక్కయ్య భార్య ఎలీషమ్మ అతని చొక్కా వెనక నుంచి గుంజింది. "ఉరికేదంటే మన చేన్లకే ఉరుకుతది. మెత్తదే పెట్టుమని జెప్పయ్యా."

"ఈళ్లకా? ఈళ్లను నేను బతిలాడుడేంది?"

"కంకులు వీళ్లయి గావు, మనయి. నోరు తెరిసి ఒక్క మాట అడుగు."

అంతలో ధర్మేందరే అడిగాడు. "చేను నీది కాకా. నువ్వు జెప్పు, ఏది పెట్టాలె?"

చెప్పాల్సిన మాట జక్కయ్య నాలుక మీదే ఉంది. కానీ ఎదురుగా ఆ గడియారం, ఆ టోపీ, ఆ మూతల డబ్బాలు. వాటిని చూస్తూ చూస్తూ అతని పెదవి ఒక పక్కకు వంగింది.

"ఎల్క్‌లను సంపెటోళ్లకు నేను జెప్పాల్నా సార్? నీకు తోసింది పెట్టుకో."

మళ్లీ నవ్వులు. ఎలీషమ్మ చొక్కా వదిలేసింది. ధర్మేందర్ పరమేశ్ మొహం చూసి, రాగి తూటా రైఫిల్‌లో పెట్టాడు.

తుమ్మల్లో డబ్బాలు మోగాయి. కాసేపటికి ముళ్లు విరుచుకుంటూ పెద్ద మగపంది బయటికొచ్చింది. తుపాకీ పేలింది. పంది ముందు కాళ్ల మీద పడింది, లేచింది, నేరుగా మక్క చేనులోకి దూరింది.

"తగిలింది! పోనీయకుండ్రి!" అని పరమేశ్ అరిచాడు.

ఊరంతా చేను మీద పడింది. పందులు నయం, తినేదే విరిచేవి. వీళ్లు తోవ కోసం ఒకడు, నెత్తురు మరకలు వెతుకుతూ ఒకడు, ఎదుటివాడు ముందు పోతున్నాడని ఇంకొకడు, కర్రలన్నీ పటపటా విరిచేశారు.

"దిగకుండ్రి! మీ కాళ్లు మొక్కుత, చేన్లకు దిగకుండ్రి!" జక్కయ్య గొంతు చిరిగిపోయేలా అరిచాడు. ఒక్క మాట అడగడానికి నామోషీ పడినవాడు, ఇప్పుడు ఊరందరి కాళ్లూ మొక్కాడు. ఒక్కడూ తిరిగి చూడలేదు. అతను గట్టు మీదే నిలబడి జేబులోంచి ఫోన్ తీశాడు.

పంది చేను నడిమధ్యన చచ్చిపడి ఉంది. పరమేశ్ దాన్ని పొర్లించి, రంధ్రం చూసి మురిసిపోయాడు.

"చూసిండ్రా, ఎంత సాఫ్‌గుందో! కాకా, జబ్బ నీకే. చేను నీది గదా."

జక్కయ్య చుట్టూ చూశాడు. నిలబడిన కర్రలు గట్టు వెంట మాత్రమే ఉన్నాయి.

"కాగితంల ఏం రాసుందో మళ్ల సదువు పరమేశ్."

"ఇగ కాగితం ఎవడు సూస్తడే!"

"ఫారెస్టు బీట్ ఆఫీసరు సూస్తడు. ఫోన్ జేసిన. బండి మీద వస్తాండు."

ధర్మేందర్ టోపీ తీసేశాడు. "పాతిపెట్టుండ్రి అన్నా, జల్దీ. నా లైసెన్స్ పోతది." అమెరికా అంతా ఒక్క ఫోన్‌తో దిగిపోయింది.

డబ్బాలు ఒక్కొక్కటే గట్టెక్కి జారుకున్నాయి. పరమేశ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు చేను లేకపాయె. మా బావమరిది గోదాంకు రావాల్నా వద్దా నువ్వు? మంచిగ సోంచాయించు."

ఎలీషమ్మ మొగుడి వైపు చూసింది. అతను గట్టు మీదికి పోయి గడ్డపార తెచ్చాడు. పరమేశ్ చేతిలో పెట్టాడు.

"ఈడనే తవ్వు. జాగ మంచిగ సాఫ్ జేసిండ్రు. లోతుగ తియ్యి, కుక్కలు తోడకుంట."