డబ్బా మాస్టారి అద్దం

మా నాన్నని వీధిలో అందరూ డబ్బా మాస్టారంటారు. వెనక్కి మూరెడు పొడుచుకొచ్చే పాత ట్యూబు టీవీల్ని పాతికేళ్లుగా బాగుచేస్తున్నాడు కాబట్టి ఆ పేరు. ఇప్పుడా టీవీలు ఎవరింట్లోనూ లేవు. నాన్న కొట్లో ఒక్కటే మిగిలింది, అదీ మాదే. కొట్టు మూసేసి ఏదో గోడౌన్‌కి కాపలా వెళ్తానని నాన్న అనడం మొదలుపెట్టాడు. అందుకే కొత్త టీవీల షోరూంలో బొమ్మ సరిచేసే మనిషి కావాలన్న బోర్డు చూడగానే, ఆయన్ని అడక్కుండానే పేరు రాయించేశాను.

నాకేమో పలచటి టీవీలంటే పిచ్చి. బొమ్మ ఎంత పెద్దదో, కనురెప్ప వెంట్రుకలు కూడా ఎలా లెక్కపెట్టొచ్చో రోజూ నాన్న చెవిలో జోరీగలా రొద పెడతాను.

"నలుపేది బుజ్జీ? అది బూడిద. పరిగెత్తే బంతికి ఆ తోకేంటి?" అంటాడాయన. నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే చూస్తే నిజంగానే తోక ఉంటుంది.

పరీక్షకి రమ్మని కబురొచ్చిన రోజు మధ్యాహ్నం నాన్నని బతిమాలి షోరూంకి తీసుకెళ్లాను. మేనేజరు గారూ, మాటమాటకీ ఫోర్‌కే బొమ్మండీ అనే సేల్స్ ఆయనా ఉన్నారు. ఆయనకి ఫోర్‌కే అని అక్కడికక్కడే పేరు పెట్టేశాను. నాన్న సంచిలోంచి అద్దం తీసి, అక్కడున్న ఒక టీవీకి ఎదురుగా కుర్చీలో నిలబెట్టి, తిన్నగా టీవీ వెనక్కి వెళ్లి చెయ్యి పెట్టాడు. పాత టీవీలకి తిప్పాల్సినవన్నీ వెనకే ఉండేవి. వెనక కూర్చుని తిప్పుతూ, బొమ్మని ముందున్న అద్దంలో చూసుకోవాలి. ఈ టీవీ వెనక నున్నటి ప్లాస్టిక్ తప్ప ఏముంది?

"ఏంటి మాస్టారూ, సెలూన్ పెడుతున్నారా?" అన్నాడు ఫోర్‌కే.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న మాత్రం నవ్వుతూ బయటికొచ్చాడు. "చేతులకి ఇంకా కబురందలేదండీ."

సరిగ్గా అప్పుడే ఒక మామ్మగారు ఆటోలో టీవీ వేసుకుని దిగారు.

"ఇది వాపసు తీసుకోండి. మనవరాలితో దిగిన వీడియో పెడితే ఇద్దరం టమాటాల్లా ఉన్నాం. కొన్నప్పుడు ఇక్కడ ధగధగలాడింది, ఇంటికెళ్లాక ఇదీ వరస."

మేనేజరు గారు నాన్న వైపు తిరిగారు. "పరీక్ష ఇదే అనుకోండి మాస్టారూ."

నాన్న ఆవిడ టీవీ పెట్టించి, ఆ వీడియో వేయించి, ముందు పై లైట్లు సగం ఆపించాడు. "ఇంట్లో ఇన్ని దీపాల కింద ఎవరు కూర్చుంటారండీ?" తర్వాత రిమోట్ తీసుకుని రంగు మొత్తం తీసేశాడు.

"వంద కోట్ల రంగుల టీవీ సార్ అది," అన్నాడు ఫోర్‌కే.

"ఎక్కడికీ పోవులెండి. ముందు నలుపు కుదరాలి."

వీడియోలో మామ్మగారు నల్ల స్వెటరు వేసుకున్నారు. అది తారు పూసినట్టు ముద్దగా ఉంది. నాన్న ఒక్కో మెట్టూ వెలుతురు పెంచుతుంటే అల్లిక విడివిడిగా బయటపడింది. అక్కడ ఆగి, అద్దాన్ని టీవీ పక్కన ఆనించి, మామ్మగారిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. అద్దంలో ఒక మామ్మగారు, టీవీలో ఒక మామ్మగారు.

"మెల్లగా రంగు పెంచుతాను. రెండూ మీరే అనిపించగానే చెప్పండమ్మా."

బూడిదరంగు బుగ్గల్లోకి కొద్దికొద్దిగా ప్రాణం వచ్చింది.

"ఆగు నాయనా. ఇది నేనే," అన్నారావిడ. అద్దంలోకి మళ్లీ చూసుకుని, "ఇంకాస్త తెల్లగా చెయ్యకూడదూ?"

"చేస్తానమ్మా. కానీ అప్పుడది ఇంకొకావిడ అవుతుంది."

మామ్మగారు పకపకా నవ్వి, టీవీని మళ్లీ ఆటో ఎక్కించమన్నారు.

మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "రేపు పదింటికి వచ్చెయ్యండి మాస్టారూ. అద్దం మర్చిపోకండి." ఫోర్‌కే ఆ అద్దాన్ని తనే గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాడు.

దారిలో నాన్న అన్నాడు, "ఆ స్వెటరు అల్లిక మన డబ్బాలో కనపడదే బుజ్జీ. నువ్వు చెప్పింది నిజమే."

"మరి నలుపు?"

"నలుపు మాత్రం ఇంకా మనదే."

నేను అద్దాన్ని సంచిలోంచి తీసి, అందరికీ కనపడేలా రెండు చేతులతో పట్టుకుని నడిచాను, ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని. మా వీధి మొదలు దాకా ఎవరూ అడగలేదు. ఇంక ఆగలేక ఇస్త్రీ కొట్టతన్ని నేనే ఆపి మొత్తం చెప్పేశాను.