ఆకు కొత్త

మేలు చెయ్యడానికి బయల్దేరినవాడు మేలే చేసి వస్తున్నాడని ఎలా తెలుస్తుంది? జగ్గారావుకు ఈ సందేహం పదకొండేళ్లుగా ఉంది. ప్రతి శనివారం సింహాచలం కొండెక్కి, కప్పస్తంభం దగ్గర చేతులు జోడించి, కోరికలేవీ కోరకుండా ఇదొక్కటే అడిగేవాడు. స్వామి చందనం కప్పుకుని ఊరుకునేవాడు. జగ్గారావు మెట్లు దిగి, పెందుర్తి బస్సెక్కి, ఇంటికి వచ్చేసేవాడు.

పదకొండేళ్ల కిందట అతను స్టీల్‌ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. తోటివాళ్లంతా కలిసి ఏదైనా పుణ్యకార్యం చేద్దామనుకుని, అరకు దారిలో కొండ మీదున్న దబ్బవలసకు విస్తళ్లు నొక్కే మిషన్లు నాలుగు పట్టుకెళ్లారు. పాతికిళ్ల ఊరది. ఆడవాళ్లు అడవిలో అడ్డాకు కోసి, పుల్లలతో విస్తళ్లు కుట్టి, సంతలో షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసి వచ్చేవారు. మిషన్లుంటే వాళ్ల బతుకు మారిపోతుందని జగ్గారావు గట్టిగా నమ్మాడు. కొబ్బరికాయ కొట్టారు, దండలు వేసుకున్నారు, ఫొటోలు దిగారు. తర్వాత తెలిసింది, ఆ మిషన్లు నడవడానికి త్రీఫేజు కరెంటు కావాలని. దబ్బవలసలో సాయంత్రమైతే బల్బులే గుడ్డిగా వెలిగేవి. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ వాళ్లని అడగలేదు, అంత సంతోషంగా వచ్చినవాళ్లకి చెప్పడానికి వాళ్లకీ నోరు రాలేదు. ఏడాది తిరిగేసరికి మిషన్లలో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి.

ఆ కొబ్బరికాయ కొట్టిన రోజునే ఇంకొకటి జరిగింది. చిలకమ్మ అనే ఆవిడ చేతిలో ఒక వంకీ కత్తి చూశాడు. చెట్ల మీదికి పాకిన తీగల్ని కిందికి లాగడానికి వెదురు కర్ర చివర కట్టే కత్తి అది. పదును పోయింది, పిడి వదులైపోయింది.

"ఇలాగివ్వప్పా. మాది ఉక్కు ఊరు. కొత్తది సేయించి తెత్తాను," అని ఉత్సాహంగా అడిగి తీసుకున్నాడు.

మిషన్ల సంగతి అలా అయ్యాక సిగ్గుతో మళ్లీ కొండెక్కలేదు. కత్తి ఇంట్లో పనిముట్ల పెట్టెలో, స్క్రూడ్రైవర్ల కింద ఉండిపోయింది.

రెండేళ్ల కిందట రిటైరయ్యాక, భార్య రోజారమణి ఒకరోజు అంది: "దేవుణ్ణి అడిగీకన్నా ఆ ఊరోళ్లని అడగొచ్చు కదండీ."

ఆ మాట పట్టుకుని మళ్లీ వెళ్లాడు. ఈసారి ఏమీ పట్టుకెళ్లలేదు. వారానికోసారి కిరండూల్ ప్యాసింజరెక్కి, కొండ మీద చిన్న స్టేషన్లో దిగి, గంట నడిచి వెళ్లేవాడు. ఆడవాళ్లతో కూర్చుని, ఏ విస్తరి ఏ సైజు కట్టలోకి వెళ్లాలో వేరుచేసేవాడు. నమూనాలు సంచిలో వేసుకుని పట్నంలో సత్రాలూ, వంటవాళ్లూ, కల్యాణమండపాలూ తిరిగేవాడు. షావుకారు కన్నా మంచి ధర ఇచ్చేవాళ్లు ఒకరిద్దరు దొరికారు. చిలకమ్మే ఇప్పుడు ఆ సంఘానికి పెద్ద. ఆవిడ కత్తి సంగతి ఎత్తలేదు. ఎత్తితే మిషన్ల సంగతి కూడా ఎత్తాలి కాబట్టి అతనూ ఎత్తలేదు.

ఈ ఏడాది ఆషాఢంలో పెద్ద ఆర్డరు దొరికింది. సింహాచలం గిరిప్రదక్షిణకి వచ్చే జనానికి మాధవధార దగ్గర పందిరి వేసి అన్నం పెట్టే కృష్ణంరాజు ఎనిమిది వేల విస్తళ్లు కావాలన్నాడు. నచ్చితే ఇకమీదట ఏడాది పొడవునా తన వంటల కాంట్రాక్టులకి వాళ్ల విస్తళ్లే వాడతానన్నాడు. సంత మొహం చూడక్కర్లేకుండా పోయే ఆర్డరది. జగ్గారావు అక్కడికక్కడే చేతిలో చెయ్యి వేసి మాటిచ్చేశాడు.

మర్నాడు దబ్బవలసలో ఈ కబురు చెప్పాడు. వసారాలో కూర్చున్న ఇరవై మంది ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

"ఏటి, అలాగున్నారు? పదిహేను రోజులున్నాది. సరిపోదేటి?"

"ఆకు నేదు బాబూ," అంది చిలకమ్మ.

"కొండ నిండా పచ్చగా కనిపిస్తంటే నేదంటావేటప్పా?"

"అది ఈయేటి ఆకు. ఇంకా కొత్త అవ్వనేదు. పాతాకు ఎండబెట్టింది మొన్న సంతతో అయిపోనాది."

అప్పుడు తెలిసింది అతనికి. ఆ ఊళ్లో ఏటేటా కొత్తగా వచ్చిన ఆకుని ముందు తమ కొండ దేవతకి చూపించాలి. ఊరి పూజారి రోజు చెప్పాలి. ఆ రోజున పండగ చేసి, మొదటి ఆకులో అన్నం దేవతకి పెట్టి, అప్పుడే మనుషులు కోసుకోవాలి. దాన్ని ఆకు కొత్త అంటారు. ఈ ఏడు పూజారి చెప్పిన రోజు పున్నమి వెళ్లాక వారానికి. గిరిప్రదక్షిణ పున్నమికి ముందురోజే మొదలు.

జగ్గారావు ఒక్క క్షణం ఆలోచించి, "పూజారిని అడిగి ఓ ఇరవై రోజులు ముందుకి జరపకూడదేటి? ఇదీ దేవుడి పనే కదప్పా. సింహాద్రి అప్పన్న పని," అన్నాడు.

చిలకమ్మ చేతిలో పుల్లలు పక్కన పెట్టింది. "మీ సామి పనికని మా తల్లిని తొందరపెట్టమంటావేటి బాబూ?"

వెనక కూర్చున్న ఓ పడుచు కోడలు గొణిగింది. "ఈ ఒక్క ఏడుకి కోసీసుకుంటే ఏటవుద్దప్పా? సంతకి ఎల్లి ఎల్లి కాళ్లరిగిపోతన్నాయి. తల్లికి మన కట్టం తెల్దేటి?"

"నువ్వు కోసీ. రేపు నీ పిల్లకి జొరమొస్తే ఏటనుకుంటావ్?" అని ఇంకొకామె అడ్డుపడింది.

మాటా మాటా పెరిగింది. సగం మంది కొయ్యాలన్నారు, సగం మంది వద్దన్నారు. రెండేళ్లుగా ఒక్కచోట కూర్చుని కట్టలు కట్టిన ఆడవాళ్లు రెండు జట్లుగా విడిపోవడం జగ్గారావు కళ్లారా చూశాడు. చిలకమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపి అతని వైపు తిరిగింది.

"మిసన్లు తెచ్చినప్పుడూ ఇలాగే నవ్వుకుంటా వచ్చావు బాబూ. అప్పుడూ ముందర మమ్మల్ని అడగనేదు. అయితే అయినాది. ఇప్పుడు నువ్వే సెప్పు. కొయ్యమంటే కోసీత్తాం. మంచి జరిగితే మాది. సెడు జరిగితే తప్పు నీ మీద ఏసుకుంటావా?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే జగ్గారావు తల ఎత్తలేకపోయాడు. నచ్చచెప్పడం అతనికి వచ్చు. ఇదివరకైతే ఈ పాటికి ఆ పడుచుల్ని పట్టుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి ఒప్పించేవాడే. కానీ ఒప్పించి ఇంటికి వెళ్లిపోయాక, ఈ కొండ మీద ఏ పసిపిల్లకి ఒళ్లు వెచ్చబడినా ఈ ఇరవై మందీ ఒకరినొకరు ఎలా చూసుకుంటారు?

"కొయ్యకండి," అన్నాడు చివరికి. "తప్పు నాదే. నాను ఎల్లి మాటాడతాను."

"ఆర్డరు పోతేనో?" అని అడిగింది ఆ పడుచు. కళ్లలో నీళ్లున్నాయి.

జగ్గారావు సంచి భుజాన వేసుకుని స్టేషను దారి పట్టాడు.

*

కృష్ణంరాజు గోపాలపట్నంలో తన గోడౌన్ ముందు గుండిగలు తోమిస్తున్నాడు. విషయం విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏటి బావా, మాటిచ్చి నాలుగు రోజులైనా కానేదు! వచ్చీది వేలాది మంది. కాళ్లు బొబ్బలెక్కి, ఆకలితో వస్తారు. ఆళ్లకి ఆకు కొత్తో, పాతో తెలుస్తాదేటి?"

"తెల్దు."

"మరింకేటి? పండగ తర్వాత సేసుకోమను, ఇప్పుడు కోసి ఇమ్మను."

"ఒక మాట అడుగుతాను రాజూ, కోపం తెచ్చుకోకు. మన సామి నిజరూపం ఎన్ని రోజులు కనిపిస్తాది?"

"అదేటి ప్రశ్న? వైశాఖంలో, తదియ నాడు ఒక్క రోజు."

"ఎవరైనా పెద్దోడు వచ్చి, నాకు రేపు పనున్నాది, ఇయ్యాలే చందనం తీసి చూపించండంటే తీస్తారేటి?"

గుండిగ తోముతున్న మనిషి చెయ్యి ఆపి చూశాడు.

"ఆళ్లకి ఆ ఆకూ అంతే. ఆ తల్లి చూసినాకే ఆళ్లు ముట్టుకుంటారు. నాను అడక్కుండా మాటిచ్చీసేను. తిట్టదలచుకుంటే నన్ను తిట్టు."

"తిట్టి ఏటి లాభం, నువ్వు నవ్వుతావు గానీ." కృష్ణంరాజు ఒక గుండిగని కాలితో పక్కకి జరిపాడు. "ఈసారికి కాయితం ప్లేట్లే తెప్పిస్తాను, దారి నేదు. ఏడాది పొడుగునా అన్న మాట ఇప్పుడు చెప్పలేను బావా. శ్రావణంలో ఒక పెళ్లున్నాది. దానికి ఐదొందలు ఇమ్మను. చూస్తాను. అంతే."

ఎనిమిది వేలు ఐదు వందలైంది. అదీ చూస్తాడట. జగ్గారావు దండం పెట్టి వచ్చేశాడు.

గిరిప్రదక్షిణ అతనూ నడిచాడు. ఏటా నడిచేదే. తెల్లవారేసరికి మాధవధార పందిరి దగ్గరికి చేరాడు. పులిహోర పెట్టిన కాగితం ప్లేటు చేతిలో మెత్తబడి వంగిపోయింది. తిని పారేసినవి వాన నీళ్లలో కాలవ నిండా తేలుతున్నాయి. వాటిని చూస్తే ఆ పడుచు కళ్లు గుర్తొచ్చాయి. ఆ రోజు స్వామిని ఏమీ అడగలేదు. నడక ముగించి, ఇంటికొచ్చి, పనిముట్ల పెట్టె తీసి అడుగున ఉన్న కత్తి బయటికి లాగాడు. తుప్పు చేతికి అంటుకుంది.

"ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా?" అంది రోజారమణి. "నాను ఎన్నిసార్లు ఈ పెట్టె తుడిచేనో! నాకు చెప్పేరు కారేటి?"

"చెప్పడానికి మొహం నేక."

వన్‌టౌన్‌లో ఇద్రీస్ కొలిమి ఉంది. పడవల వాళ్లకి కొక్కేలూ గొలుసులూ చేసే ముసలాయన. కత్తిని తిప్పి చూసి, గోటితో మీటాడు.

"దీనికి బదులు మంచి ఉక్కుతో కొత్తది చెయ్యి భాయ్. ఆవిడకి అలాగని చెప్పేను," అన్నాడు జగ్గారావు.

"కొత్తది ఎందుకు? ఇది లారీ కమానుపట్టా కోసి చేసిన కత్తి. అసలు ఇనుము ఎక్కడికీ పోలేదు." ఇద్రీస్ నవ్వాడు. "దీనికి రోగం ఏం లేదు భాయ్. ఊరికే పెట్టి ఉంచారు, అదే దీని రోగం."

కాల్చి, కొట్టి, నీళ్లలో ముంచి, పదును పెట్టి, కొత్త పిడి బిగించి ఇచ్చాడు. గంట పట్టింది.

*

ఆకు కొత్త రోజున రమ్మని కబురొచ్చింది. బయటివాళ్లని ఆ పండగకి పిలవడం అరుదు. జగ్గారావు తలస్నానం చేసి, ఉపవాసంతో వెళ్లాడు. చెట్టు కింద రాళ్ల ముందు పూజారి అన్నం వండించి, మొదటి ఆకులో తల్లికి పెట్టాడు. పూజ అయ్యేదాకా జగ్గారావు దూరంగా నిలబడ్డాడు. తర్వాత ఆడవాళ్లకి జరిగింది జరిగినట్టు చెప్పాడు: ఎనిమిది వేలు పోయాయి, ఐదొందలు మిగిలాయి, అవి నచ్చితేనే తర్వాతి మాట.

ఆ పడుచు కోడలు, "ఐదొందలంటే ఒక్క పూట పని," అంది. "బాగా కుట్టాలి. ఒక్క పుల్ల ఊడకూడదు."

అప్పుడు జగ్గారావు సంచిలోంచి గుడ్డ చుట్టిన కత్తి తీసి, రెండు చేతులతో చిలకమ్మకి ఇచ్చాడు.

ఆవిడ గుడ్డ విప్పింది. బొటనవేలు మెల్లగా అంచు మీద ఆనించింది.

"పదకొండేళ్లు పట్టిందేటి బాబూ దీనికి పదును పెట్టీడానికి? మీ ఉక్కు ఊళ్లో పని మరీ నిదానం."

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. జగ్గారావు నవ్వలేకపోయాడు.

"ఇన్నాళ్లూ దేంతో కోసేవప్పా?"

"నా తోడికోడలు కత్తి. ఆవిడ కోసినాక అడిగి తెచ్చుకునీదాన్ని. పొద్దెక్కిపోయీది. మంచాకు అప్పటికే అయిపోయీది." మామూలుగా చెప్పింది, వాన సంగతి చెప్పినట్టు.

జగ్గారావు చేతులు జోడించాడు. చిలకమ్మ ఆ చేతుల్ని కిందికి దించింది.

గోడకి ఆనించి ఉన్న వెదురు కర్ర తెచ్చి, దాని చివరున్న తోడికోడలు కత్తి విప్పింది. చీరచెంగుతో తుడిచి, పక్క వాకిట్లోకి వెళ్లి, "ఇదిగోనే, నీది నీకు," అని ఇచ్చేసి వచ్చింది. తన కత్తిని కర్రకి కట్టి, నారతో మూడు చుట్లు బిగించింది. మద్దిచెట్టు మీదికి పాకిన తీగకి తగిలించి ఒక్క లాగు లాగింది. తడి ఆకులతో తీగ బరువుగా కిందికి వచ్చింది.