ఎడమ మలుపు

వాన వెలిసింది. రోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది. గాలిలో ఉప్పు — నాలుకకు తగిలేంత ఉప్పు.

ద్వీపానికి ఒకే రోడ్డు. కొండ చుట్టూ తిరిగి, రేవులో మొదలై రేవులోనే ఆగుతుంది.

ఆ రోడ్డు మీద ఒకే ఆటో. నడిపేది ఆమె.

కొబ్బరితోట దగ్గర చెయ్యెత్తి నిలబడ్డాడు వ్యాను బాబాయి. ఊరంతా అలాగే పిలుస్తారు. ఒకప్పుడు ద్వీపంలో వ్యాను అతనొక్కడికే ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఇప్పుడది పెరట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటు.

ఆమె మాత్రం అతన్ని ఏమనీ పిలవదు. పదకొండేళ్లుగా.

ఆటో ఆపింది.

"పది గంటల బోటు అందాలమ్మా. కంటి ఆపరేషన్ ఇవాళే." డాక్టరు మళ్లీ మూడు నెలలకు గానీ రాడట. అప్పటికి ఈ కన్ను కూడా దక్కదట. రెండోది పోయి ఏడాదైంది.

ఎక్కమంది.

కుడికి తిరిగితే రేవు పావుగంట. ఎడమకు తిరిగితే గంట.

ఎడమకు తిప్పింది.

పదకొండేళ్ల కిందట, కొండ అవతలి తోటలో ఆమె అమ్మను పాము కరిచింది. అమ్మను వీపున వేసుకుని ఇదే రోడ్డు మీద రేవు వైపు నడిచింది — పంతొమ్మిదేళ్ల పిల్ల. నడిచింది... నడిచింది. వెనకనుంచి వ్యాను వచ్చింది. నెమ్మదించింది. అతను కిటికీలోంచి చూశాడు. ఆమె ఎత్తిన చెయ్యి చూశాడు. అమ్మ నోటి నురగ చూశాడు.

వ్యాను వేగం అందుకుంది. వెనక సీటు ఖాళీ.

తర్వాత ఊళ్లో, నేనసలు చూడలేదన్నాడు.

అందుకే ఆమె ఆటో నేర్చుకుంది. ఆడపిల్లకి ఇదేం పనని మేనమామ మూతి ముడుచుకున్నా నేర్చుకుంది. ఆ వ్యాను బేరాలు ఒక్కొక్కటే లాక్కుంది. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

కుడి దారిలో అయితే సముద్రపు గాలి వెనక సీట్లో అతని ఎడమ చెంపకు తగలాలి. కుడి చెంపకు తగులుతోంది.

అతనికి తెలిసిపోయింది. తెలిసీ ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆమెను మండించింది.

నల్లరాళ్ల దగ్గర ఇంజను ఆపేసింది.

"మా అమ్మ ఇక్కడే పోయింది."

అలలు. అలలు.

"చూశాను" అన్నాడు. "ఆ రోజు చూశానమ్మా."

"మరి ఎందుకు ఆపలేదు?"

"సీట్లు కొత్తవి. ముందురోజే వేయించాను... అంతే."

ఇన్నేళ్లలో ఆమె ఎన్ని కారణాలు ఊహించుకుందని — పాత పగలు, పాము భయం, తొందర పని. కొత్త సీట్లు మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

దూరంగా రేవులో బోటు కూత వేసింది. ఆమె చెయ్యి కదల్లేదు.

రెండో కూత.

బతిమాలతాడనుకుంది. ఆ బతిమాలడం ఎలా ఉంటుందో రాత్రుళ్లు ఎన్నిసార్లు విన్నదో. అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి నల్లరాళ్ల ముందునుంచే బోటు సాగిపోయింది. తెల్లగా, తీరిగ్గా.

"అదేనా?" అడిగాడు, చప్పుడొచ్చిన వైపు ముఖం తిప్పి.

"అదే."

"వెళ్లిపోయిందా?"

"పోయింది."

ఈ ఒక్క మాట అనేశాక గుండె తేలికవుతుందనుకుంది. నోరు ఎండిపోయింది, అంతే.

అతను ఇంటి దగ్గర దింపమన్నాడు. "మా ఆవిడ అడిగితే, బోటు ముందే వెళ్లిపోయిందని చెప్తాలే. నీ పేరు ఎత్తను."

అప్పుడొచ్చింది ఆమెకు అసలు కోపం.

అతని దయ. అతను జాలిపడి పారేసే దయ — తనకా?

"ఎత్తండి" అంది. "నేనే ఆపానని చెప్పండి. ఎక్కడ ఆపానో చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి."

ఇంజను స్టార్ట్ చేసింది. ఆటో గతుకుల్లో పడింది.

"చెప్తారా?"

వెనక అతని తల కదిలింది. ఊపాడో, కుదుపుకి ఊగిందో... అద్దంలో తెలియలేదు.