దస్తగిరమ్మ చేతిలో పలక

నేను ఒక పలకను. మార్కాపురం గనిలో పుట్టిన నల్లరాతి పలకను. నన్ను రాయి నుంచి చీల్చారు, అరగదీసి నునుపు చేశారు, చుట్టూ చెక్క చట్రం బిగించి మేకులు కొట్టారు. అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఎంగిలి.

కంభంలో నఫీసా అనే అమ్మాయి తన ఇంటి వసారాలో ఆడవాళ్లకు అరబ్బీ చదవడం, రాయడం నేర్పేది. ఆమె కొన్న ఆరు పలకల్లో నేనొకదాన్ని. వచ్చేవాళ్లంతా ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా ఆడవాళ్లు. వయసులో చిన్నదైనా చదువు చెబుతుంది కాబట్టి ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలిచేవారు. ఒక గీత తప్పితే చాలు, నా మీద ఉమ్మేసి అరచేత్తో రుద్దేవారు. ఆ ఉమ్మిలో వక్కపొడి తునకలు, పొగాకు కంపు. కట్టెల అడితి వాళ్ల కోడలు ఇమాంబీ అయితే రెండుసార్లు ఉమ్మితేగాని తృప్తిపడేది కాదు. తడిగుడ్డ తెచ్చుకోండని ఆపా నెత్తీనోరూ కొట్టుకున్నా విన్నవాళ్లు లేరు.

అలాంటి రోజుల్లో దస్తగిరమ్మ వచ్చింది. ఊళ్లో ఆడమనిషి ఎవరు పోయినా ఆఖరి స్నానం చేయించేది ఆమే. యాభై దాటాయి. ఆమె చాప మీద కూర్చోగానే పక్కనున్నవాళ్లు లేచి అవతలికి జరిగారు. ఆపా నన్ను ఆమెకిచ్చింది.

"ఆ పలక ఇంక నాకియ్యబాక ఆపా. శవాల్ని తోమే చేతులు పడ్డయి," అంది ఇమాంబీ.

నిజం దాచను, నాకూ ఒళ్లు జలదరించింది. కానీ నన్ను పట్టుకున్న చేతులకు కర్పూరం వాసన, ఉడికించిన రేగాకు వాసన. గోళ్లు కురచగా కత్తిరించి ఉన్నాయి. చెరపడానికి నడుమున దోపుకున్న తడిగుడ్డ తీసింది. ఆ వసారాలో శుభ్రమైన చేతులు అవే. నా అసహ్యం ఆ రోజు నుంచి మిగతావాళ్ల వైపు తిరిగింది.

ఈ వయసులో చదువెందుకని ఆపా అడిగితే, దస్తగిరమ్మ బలపం పక్కన పెట్టి చెప్పింది. శవానికి కఫన్ గుడ్డ కట్టాక చదివే ప్రార్థన, దువా, ఆమెకు మేనత్త నోటి నుంచి వచ్చింది. ఆ మధ్య పొరుగూరి నుంచి వచ్చిన ఒకావిడ అది విని, తప్పులు చదువుతున్నావని అందరి ముందూ అనేసిందట. అప్పటినుంచి అన్నం సహించడం లేదు. ముప్పై ఏళ్లుగా ఎంతమందిని తప్పుడు మాటలతో పంపానో అని ఆమె దిగులు.

అక్షరాలు తొందరగానే పట్టుబడ్డాయి. చిక్కంతా వాటి మీదా కిందా ఉండే చిన్న గీతలతో వచ్చింది. అక్షరం పైన ఏటవాలు గీత జబర్, అది 'అ' పలికిస్తుంది. అదే గీత కిందికి దిగితే జేర్, 'ఇ'. పైన చిన్న కొక్కెం పేష్, 'ఉ'. దస్తగిరమ్మ మూడో తరగతి దాకా తెలుగు చదివింది. అందుకని 'బి' రాయమంటే ప్రతిసారీ గీత పైనే పెట్టేది.

"పెద్దమ్మా, తెలుగులో గుడి నెత్తిన కూర్చుంటది. ఇక్కడ కాళ్ల కింద ఉంటది. పైన పెట్టావంటే అది 'బ' అయిపోద్ది," అని ఆపా ఆమె చెయ్యి పట్టి దిద్దించింది.

ఇమాంబీ పక్కున నవ్వింది. తను జబర్ దగ్గరే ఆగిపోయిన సంగతి ఆమెకు గుర్తు రాలేదు. మూడు నెలలకు దస్తగిరమ్మ కూడబలుక్కుంటూ తప్పు లేకుండా చదివింది. ఆపా నన్ను ఆమెకే ఇచ్చేసింది.

ఆ వారంలోనే ఇమాంబీ అత్త పోయింది. దస్తగిరమ్మ దువాను గీతలతో సహా నా మీద రాసుకుని వెళ్లింది. నన్ను స్నానానికి కట్టిన తెర బయట గోడకు ఆనించింది. ముసలామె ఏడాదిగా మంచాన పడి ఉంది. తెర సందులోంచి నాకు కనిపించింది, వీపంతా పుండ్లు. ఎన్నాళ్లుగానో ఎవరూ ఒళ్లు తుడిచినట్టు లేదు. ఆ కంపుకు ఇమాంబీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. లోపల దస్తగిరమ్మ మాత్రం పసిబిడ్డకు పోసినట్టు, నెమ్మదిగా నీళ్లు పోస్తూనే ఉంది. అందరికీ గాజు గ్లాసుల్లో టీ ఇచ్చి, ఆమెకు పారేసే కాగితం గ్లాసులో గడప బయట పెట్టారు.

కఫన్ కట్టాక చుట్టాల్లో ఒక పెద్దావిడ, కోడలివి నువ్వు చదవమని ఇమాంబీని ముందుకు పిలిచింది. ఇమాంబీకి దువా నోటికి రాదు. దస్తగిరమ్మ నన్ను అందించింది. ఇమాంబీ చేతికి కొంగు చుట్టుకుని నన్ను పట్టుకుంది. ఉమ్మి కంటే ఆ కొంగే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

"చేత్తో పట్టుకోమ్మా. కొంగు రాసుకుంటే గీతలు పోతయ్," అంది దస్తగిరమ్మ.

అప్పటికే పోయాయి. జబర్లు, జేర్లు అన్నీ చెదిరి వట్టి అక్షరాలు మిగిలాయి. ఇమాంబీకి ఒక్క ముక్క నోరు తిరగలేదు. దస్తగిరమ్మ నన్ను వెనక్కి తీసుకుంది. ఆ అక్షరాల మీదే వేలు నడిపిస్తూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. గీతలు లేకపోయినా ఒక్క మాట తడబడలేదు.

ఆమె వెళ్లబోతుంటే ఇమాంబీ వాకిట్లో అడ్డం వచ్చి, తనకూ నేర్పమని అడిగింది. కొంగు ఇంకా చేతికే చుట్టి ఉంది. దస్తగిరమ్మ దాని వైపు చూసింది.

"రేపు ఆపా ఇంటికి రా. నా పక్కన కూర్చో," అంది.

ఇమాంబీ వస్తుందో రాదో నాకు తెలియదు. మరునాడు మధ్యాహ్నం దస్తగిరమ్మ మాత్రం చాప మీద ఒక మనిషికి చోటు వదిలి కూర్చుంది.