టేపు పాడైన చోటు

1987 మార్చి ఇరవయ్యొకటి, శనివారం. ఆ మధ్యాహ్నం ఆమోసు తిన్నది మూరీ. మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి వేసి, కాస్త ఆవనూనె కలిపి ఖరిదా బజారులో కాగితం పొట్లాల్లో అమ్ముతారు. రైల్వే వర్క్‌షాపు టైం ఆఫీసుకి శనివారం ఒంటిపూట. కూత వెయ్యగానే సైకిలెక్కి, దారిలో ఆ పొట్లం కొనుక్కుని, తీతు వీడియో దుకాణం వెనక గదిలో కూర్చున్నాడు. ఎదురుగా టీవీలో గడ్డాలవాళ్లు ఇసుకలో నడుస్తున్నారు. తెర మీంచి కళ్లు తియ్యకుండా ఆమోసు ఒక్కో పిడికెడు నోట్లో వేసుకుని నములుతున్నాడు. నూనె అంటిన వేళ్లు మీటలకి తగలకుండా, చిటికెనవేలు మాత్రం పొడిగా ఉంచుకున్నాడు.

తెలుగు క్రైస్తవ సంఘానికి సినిమాలు ఎంచేది అతనే. మొదట్లో ఓ పాత ప్రొజెక్టరు ఉండేది. ఇప్పుడు తీతు దుకాణంలోంచి అద్దెకి తెచ్చిన టీవీ, వీడియో. మామూలు రోజుల్లో నెలకోసారి, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాల్లో ప్రతి శనివారం సంఘం హాల్లో వేస్తారు. వెయ్యబోయే సినిమాని ముందు తనొక్కడే చూస్తాడు. కథలో తాగుబోతు ఉన్నా ఫరవాలేదు, చివర్లో వాడు ఏడవాలి. తల్లిని ఎదిరించిన కొడుకు ఉండొచ్చు, వాడు తిరిగి రావాలి. దొంగ మారకపోయినా, మారాలని అనుకోవాలి. ఇవన్నీ అతని భార్య ఆలిస్ పెట్టిన కొలతలు. ఆమె అసలు కొలత ఇంకా చిన్నది. మా అమ్మ పక్కన కూర్చుని చూడగలిగితే చాలు, అనేది.

విసనకర్ర కూడా ఆలిస్‌దే. ప్రభువు సినిమాలో, రాజుగారి సభలో ఆడపిల్ల నాట్యం చేసే చోట ఆమె లేచి వెళ్లి, తాటాకు విసనకర్రని తెరకి అడ్డం పట్టుకుని నిలబడేది. నాట్యం కనపడేది కాదు, గజ్జెల చప్పుడు మాత్రం వినపడేది. ముందు వరసలో పిల్లలు తలలు వంచుకుని ఆ చప్పుడు వింటూ, చూస్తే తెలిసేదానికంటే ఎక్కువే ఊహించుకునేవారు. ఆలిస్ పోయాక విసనకర్ర ఆమోసు చేతికి వచ్చింది. టీవీ ఎత్తు బల్ల మీద ఉంటుంది, అతను పొట్టి కాబట్టి తెర పైభాగం దొరకదు. అందువల్ల ఈ మూడేళ్లలో సంఘం పిల్లలు నాట్యకత్తె తలలో పువ్వులు చూడగలిగారు.

ఇప్పుడు టీవీలో జనం గుంపు ఒకటి ఓ ఇంటివైపు నడుస్తోంది. ఆ ఇంట్లో అధికారి కూతురు చనిపోయి ఉంటుంది. ప్రభువు వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటాడు. ఆమోసు చిటికెనవేలితో మీట నొక్కాడు. గుంపూ, ఇల్లూ, ఏడ్చే ఆడవాళ్లూ గీతలు గీతలుగా పరుగెత్తిపోయారు. వేలు తీసేసరికి అందరూ పడవలో ఉన్నారు.

మూడేళ్లుగా హాల్లో కూడా అతను ఇలాగే చేస్తున్నాడు. మొదటిసారి ఎవరో అడిగితే, వెనకనుంచి తీతు, అక్కడ టేపు పాడైందని చెప్పాడు. ఆ అబద్ధం ఆమోసు చెప్పలేదు, చెప్పినవాణ్ణి కాదనీ అనలేదు. టేపు తీతుదే. అందులో ఏ చోటూ పాడవలేదని తీతుకి తెలుసు. ఎందుకని అతను ఒక్కసారి కూడా అడగలేదు. ఇలాంటి దయలు మనుషులు చేస్తుంటారు, చేసినట్టు వాళ్లకే గుర్తుండదు.

దుకాణం ముందు సైకిలు ఆగిన చప్పుడైంది. సంఘంలో పెద్దావిడ సూసన్న కొడుకు ఆర్థర్ లోపలికి వచ్చాడు. లోకో షెడ్డులో ఫిట్టరు. సాయంత్రం డ్యూటీకి వెళ్తూ నీలం బట్టల్లోనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, వాళ్లమ్మ ఇవాళ హాలుకి రాదనీ, ఇంక ఎప్పుడూ రాదనీ నెమ్మదిగా చెప్పాడు. ఆస్పత్రినించి ఇంటికి తెచ్చి వారమైంది. నాలుగు రోజులుగా ఏమీ నోట్లో పెట్టనివ్వడం లేదట.

"టీవీ అట్టుకుని నిన్ను ఇంటికి రమ్మంటంది, మావయ్యా. అధికారి కూతురు లేస్తాది సూడు, ఆ ముక్క సూడాలట."

తీతు క్యాసెట్లు సర్దడం ఆపాడు. "అక్కడ టేపు పాడైపోనాది కదేటి ఆర్థరూ."

"నువ్వలాగంటావని కూడా అమ్మ సెప్పింది. పాడైనకాడే సూస్తాను, తెమ్మను, అంది."

ఆమోసు పొట్లం మడిచాడు. అడుగున ఇంకా మరమరాలు ఉన్నాయి. టీవీ ఆరు గంటలకల్లా హాల్లో ఉండాలి కదా అన్నాడు. ఇంకా రెండు కూడా కాలేదని తీతు అన్నాడు. తనే రిక్షాని పిలిచి, టీవీకీ వీడియోకీ కలిపి పాత బొంత చుట్టి, క్యాసెట్టుని ఆమోసు ఒళ్లో పెట్టాడు.

రిక్షాలో టీవీకి సీటు దొరికింది, ఆమోసుకి అంచు దొరికింది. గతుకు వచ్చినప్పుడల్లా మెల్లగా పొమ్మని "ఆస్తే దాదా, ఆస్తే" అంటూ బొంత మీద చెయ్యి వేస్తున్నాడు. సుభాష్‌పల్లిలో మునగచెట్లు పూత రాల్చుకుని ఉన్నాయి. ఎండ అప్పుడే ముదురుతోంది. సూసన్న ఇంటికి వెళ్లి మూడేళ్లయింది. హాల్లో కనపడితే అక్కని పిలిచినట్టు అప్పా అని పలకరిస్తాడు, ఆమె బాగున్నావా అంటుంది. అంతే.

సూసన్న సండే స్కూలు టీచరు. సంఘంలో ప్రార్థనకి పెద్ద. ఆలిస్‌కి జబ్బు ముదిరినప్పుడు ఉపవాస ప్రార్థన పెట్టించింది ఆమే. పొద్దుననుంచి సాయంత్రం దాకా ఎవరూ తినరు, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అది వాళ్ల నియమం. పదిహేను ఇళ్లవాళ్లు ఆకలితో చాపల మీద కూర్చుని ఆలిస్ కోసం ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. మధ్యాహ్నం ఆలిస్ కళ్లు తెరిచి, ఆమోసుని సైగ చేసి పిలిచి, కాస్త జావ కాస్తారా అంది. నెల రోజుల్లో ఆమె తనంతట తాను అడిగిన తిండి అదొక్కటే. ఆమోసు సూసన్నవైపు చూశాడు. ఇప్పుడు పొయ్యి ఎలిగించకూడదు నాయినా, సాయంత్రం అయిపోతాది కదా, అంది సూసన్న. ఆమె పెదవులు కూడా ఎండిపోయి ఉన్నాయి. ఆమోసు అదే మాట ఆలిస్‌కి చెప్పాడు. ఆలిస్ సరేనంది. సాయంత్రం జావ కాచి తెచ్చేసరికి ఆమెకి నిద్ర పట్టింది. తెల్లారేదాకా ఆ కళ్లు తెరుచుకోలేదు. ఆ తరవాత తెరుచుకోవడానికి ఏమీ లేదు.

చచ్చిన పిల్ల లేవడం చూడలేక ఆమోసు మీట నొక్కుతున్నాడని తీతు అనుకుంటాడు. సంఘంలో తెలిసినవాళ్లూ అదే అనుకుంటారు. ఆ పిల్ల లేవడం ఆమోసు చూడగలడు. లేచాక ఏం జరుగుతుందో, అది చూడలేడు.

సూసన్న మంచం ముందుగదిలో కిటికీ పక్కన ఉంది. మనిషి దుప్పటి కింద ఉన్నట్టే లేదు. పక్కింటి అప్పలనర్సమ్మ తలదగ్గర కూర్చుని విసురుతోంది. ఆమె భర్త గోవిందరావుది వర్క్‌షాపులోనే ఉద్యోగం. శ్రీకాకుళంనుంచి వచ్చి రెండు తరాలైనా ఆ ఇంట్లో మాట మారలేదు. టీవీని చూసి అప్పలనర్సమ్మ, మా ఒదిన మంచాన పడితే గానీ సంఘంవోళ్లు నాకు సినిమా సూపించనేదు, అంది. సూసన్న నవ్వింది. ఆ నవ్వుకి ఆమె దవడ ఎముకలన్నీ కదిలాయి.

ఆమోసు తీగలు తగిలించాడు. క్యాసెట్టు లోపలికి తోసి, ఎక్కడ ఆపాలో తెలిసినవాడిలా ముందుకి తిప్పి, గుంపు ఇంటివైపు నడిచే చోట ఆపాడు. తరవాత మీట దగ్గరే చెయ్యి ఉంచుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి తన మాట వింటుందో లేదో అతనికి తెలీదు.

"అలా నిలబడ్డావేటి, ఇలాగొచ్చి కూకో," అంది సూసన్న. మంచం అంచు చూపించింది.

అతను వచ్చి కూర్చున్నాడు. అక్కణ్ణించి మీట అందదు.

ఇల్లు వచ్చింది. ఏడ్చే ఆడవాళ్లు వచ్చారు. ప్రభువు వాళ్లని బయటికి పంపి, పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల లేచి కూర్చుని, నిద్ర లేచినదానిలా కళ్లు నులుముకుంది. తల్లి కేక వేసింది, తండ్రి నేల మీద పడ్డాడు. అందరూ ఆ అద్భుతాన్నే చూస్తున్నారు. ఆయనొక్కడే పిల్ల మొహం చూసి, తల్లివైపు తిరిగి, దీనికి తినడానికి ఏమైనా పెట్టండి, అన్నాడు. తల్లి తడబడుతూ లోపలికి పరుగెత్తింది. మట్టి చిప్పలో ఏదో తెచ్చింది. పిల్ల తిన్నది. సినిమా తీసినవాడికి తొందర లేదు. పిల్ల తినడం చాలాసేపు చూపించాడు.

"మంచోడే," అంది అప్పలనర్సమ్మ. "మొగోడయ్యుండీ పిల్లకి ఆకలేస్తాదని తెలిసినాది. మా ఇంట్లోవోడైతే ముందు తనకి పెట్టమంటాడు."

ఆమోసు తలవంచుకుని కూర్చున్నాడు. టీవీలో పడవ వచ్చింది, నీళ్ల చప్పుడు వచ్చింది. ఎవరూ లేచి దాన్ని ఆపలేదు.

సూసన్న చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి అతని మణికట్టు మీద పడింది. పిట్ట వాలినంత బరువు.

"ఆమోసూ, నాకు ఆకలేస్తంది. పొయ్యి ఎలిగించు."

అప్పలనర్సమ్మ విసరడం ఆపి లేవబోయింది. నాలుగు రోజులుగా ఆమె తెచ్చిన గిన్నెలన్నీ వచ్చినట్టే వెనక్కి వెళ్లాయి.

"నువ్వు కాదే," అంది సూసన్న. "ఆడు కాస్తాడు."

వంటగదిలో పంపు స్టవ్ ఉంది. ఆమోసు పంపు కొట్టాడు. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదానికి మంట పసుపుగా లేచి, నెమ్మదిగా నీలంగా మారింది. జావ కాచి మూడేళ్లయింది. నూకలు ఎక్కడున్నాయో, నీళ్లు ఎన్నో, గుమ్మంలో నిలబడి అప్పలనర్సమ్మ చెబుతోంది. కలుపుతుండండి బాబూ, అడుగంటుతాది, అంటోంది. అతను కలుపుతూనే ఉన్నాడు. ఆవిరి కళ్లద్దాలకి పట్టింది. తుడుచుకోలేదు. ఉప్పు వేశాక, వేశాడో లేదో గుర్తు లేక మళ్లీ వేశాడు.

మంచం దగ్గర కూర్చుని ఊదుతూ, చెంచాతో పట్టాడు. మొదటి చెంచా సగం గడ్డం మీంచి కారింది. తుండుగుడ్డతో తుడిచి మళ్లీ పట్టాడు. సూసన్న మింగింది. గొంతులో అది దిగడం బయటికి కనపడింది. ఇంకో చెంచా. ఇంకోటి. ఆ తరవాత ఆమె పెదవులు మూసుకుంది. కాసేపటికి తెరిచింది, తినడానికి కాదు.

"ఆలిస్‌కి సెప్తాను, నీ సేతి జావ తాగినానని." కొంచెం ఊపిరి తీసుకుంది. "ఉప్పు ఎక్కువేసినాడని కూడా సెప్తాను."

అప్పలనర్సమ్మ నవ్వబోయి, మొహం పక్కకి తిప్పుకుంది. ఆమోసు సూసన్న చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. అప్పా, అన్నాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ దుప్పటి మీంచి గోడ మీదికి ఎక్కేదాకా అలాగే ఉన్నారు. ఆమెకి కునుకు పట్టాక, రిక్షా కుర్రాడు మెల్లగా గంట కొట్టాడు.

ఆ సాయంత్రం హాల్లో చాపలన్నీ నిండలేదు. ఈ మధ్య చాలా ఇళ్లలో టీవీలున్నాయి. రాజుగారి సభలో ఆమోసు విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడు, పిల్లలు గజ్జెల చప్పుడు విన్నారు. అధికారి ఇల్లు వచ్చినప్పుడు అతను టీవీ దగ్గరికి వెళ్లలేదు. ముందు వరసలో ఎవరో ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగి చూశారు. తీతు గోడకి ఆనుకుని, టేపు బాగు చేయించామని అందరికీ వినపడేట్టు చెప్పాడు. పిల్ల లేచి తింటున్నంతసేపూ ఆమోసు చూశాడు. మట్టి చిప్పలో ఉన్నది రొట్టె అని ఇప్పుడు తెలిసింది.

అప్పుడే గోవిందరావు వచ్చి, చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గర నిలబడ్డాడు. సినిమా ఆపమనలేదు. అది అయ్యేదాకా ఆగి, జనం లేస్తుంటే ఆమోసు పక్కకి వచ్చాడు. దీపాలవేళ పోనాదండి, అన్నాడు. నిద్దట్లోనే. షెడ్డుకి ఆర్థర్ కోసం మనిషిని పంపించినాను.

హాలునుంచి అందరూ సుభాష్‌పల్లి నడిచారు. చిన్న గొంతులతో పాడారు, ప్రార్థన చేశారు. ఆర్థర్ వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. నీలం బట్టల మీద నూనె మరకలు తడిగానే ఉన్నాయి. సమాధి రేపు ఆరాధన తరవాత అనుకున్నారు. సాయంత్రం ఎసరు పెట్టి వదిలేసి వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకి వెళ్లిపోయారు. ఆమోసు వంటగదిలోకి వెళ్లాడు, గిన్నె కడిగి పెడదామని. వెనకే అప్పలనర్సమ్మ వచ్చింది.

"ఉండనీండి బాబూ, రేపు తోముకుంటాను. ఇయ్యాల సెయ్యి రాదు."

అతను సరేనని బయటికి వచ్చి, ఆర్థర్ పక్కన చాప మీద కూర్చున్నాడు. అప్పలనర్సమ్మ వంటగదిలో దీపం ఆర్పింది. పిల్లి దూరకుండా, చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది. లోపల, చల్లారిన స్టవ్ పక్కన, పల్లెం మూత వేసిన గిన్నెలో సగానికి జావ ఉంది. మీద పలచగా పొర కట్టింది. చెంచా అందులోనే ఉంది.